కొక్కేల మధ్య మాట

పోయిన నెల మనవరాలిని వెంటబెట్టుకుని హిందూపురం నుంచి ధర్మవరం పోతూ, పెనుకొండ దాటాక హైవే పక్కన టిఫిన్‌కు ఆగాము. ఎర్రటి బోర్డు మీద పసుపు అక్షరాలతో హోటలు పేరు, దాని కింద ఇంగ్లీషులో "ప్యూర్" వెజిటేరియన్ అని రాసి ఉంది. ప్యూర్ అన్న మాటకు మాత్రం అటొక జత, ఇటొక జత ఇన్వర్టెడ్ కామాలు. మా మనవరాలు బెంగళూరులో తొమ్మిదో తరగతి చదువుతోంది. బోర్డు చూడగానే రెండు చేతులూ పైకెత్తి, రెండేసి వేళ్ళను కొక్కేల్లా వంచి, "ప్యూర్ అంట అవ్వా!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇడ్లీ బాగానే ఉంది, చట్నీలో మిరపకాయ కాస్త ముందుకొచ్చింది, అంతే తప్ప ఆ హోటలువాళ్ళ శాకాహారాన్ని శంకించాల్సిన పని ఏమీ కనిపించలేదు. కానీ ఆ వంచిన వేళ్ళను చూసిన దగ్గర నుంచి నాకు తిండి మీద ధ్యాస పోయింది. మా అత్త గుర్తుకొచ్చింది. అత్త అంటే మా ఆయన తల్లి కాదు, మా నాయనకు కడగొట్టు చెల్లెలు, నా మేనత్త.

అత్త దగ్గరికి వెళ్ళే ముందు ఆ కామాల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగకాలం సగం వాటితో కుస్తీ పట్టడానికే సరిపోయింది. సర్కారు హైస్కూళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. పిల్లలు సెలవు చీటీ రాస్తే, నేను "జ్వరం"తో బాధపడుతున్నాను అని, జ్వరానికి రెండు వైపులా కామాలు పెట్టేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళ లెక్కలో దాని అర్థం, జ్వరమని చెబుతున్నాను కానీ అది జ్వరం కాదని మీకూ నాకూ తెలుసు అని. నేను ఎర్ర పెన్నుతో ఆ కామాలు కొట్టేసి, కొట్టేసినందుకు కారణం చెప్పేదాన్ని. ఒక పిల్ల లేచి, "మరి మేడం, గట్టిగా చెప్పల్లంటే ఏం పెట్టల్ల?" అని అడిగింది. ఏమీ పెట్టొద్దు, చెప్పి ఊరుకో, అన్నాను. ఆ పిల్లకు నా జవాబు ఏమాత్రం నచ్చలేదని ముఖం చూస్తేనే తెలిసింది. ఆమెదీ తప్పు కాదు. మన వైపు బోర్డు రాసేవాళ్ళు, పెళ్ళిపత్రికలు వేసేవాళ్ళు, లారీ వెనక రాతలు రాసేవాళ్ళు అందరూ పటానికి పూలదండ వేసినట్టు, తమకు ఇష్టమైన మాటకు ఆ కామాలు వేస్తారు. మా హెడ్మాస్టరు గారి కూతురి రిసెప్షన్‌లో కేకు మీద "హ్యాపీ" మ్యారీడ్ లైఫ్ అని ఉండింది. ఆయన ఇంగ్లీషు ఎరిగినవాడు. నా పక్కకు వంగి, "ఏం మేడం, ఈ బేకరీ అబ్బికి ముందే ఏమన్నా తెలిసిందంటారా?" అని అడిగాడు. ఆ పిల్ల కాపురం ఈనాటికీ చల్లగా ఉంది.

ఇక మా అత్త. నాకంటే ఆరేడేళ్ళే పెద్దది. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. పగలంతా మగ్గాల్లో పోగు మోసే నాడెలు అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు, తడిపిన పట్టు వాసన, దారాల మధ్య నుంచి ఏటవాలుగా పడే వెలుతురు, వీటిలోనే ఇద్దరం పెరిగాం. ఇంట్లో పిల్లలందరికీ వంతులవారీగా నాడెల్లోకి దారం కండెలు చుట్టే పని ఉండేది. నాకు పదో తరగతి పరీక్షలొచ్చినప్పుడు అత్త తన వంతుతో పాటు నా వంతు కండెలు కూడా చుట్టింది. మా నాయన అడ్డం చెప్పబోతే, "అది చదువుకోనీన్నా. దాని చేతి పని నేను చేస్తా, నా తలకాయ పని అది చేస్తాది," అంది. తను పదో తరగతితో ఆపేసిన మనిషి. తెలుగు మాత్రం అచ్చు గుద్దినట్టు రాసేది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థం దగ్గరకొచ్చేసరికి నా వైపు తిరిగేది. ఆమెకు చెన్నేకొత్తపల్లి దాపులో ఒక ఊరికి పెళ్ళయింది. మామదీ మగ్గమే. నెమ్మదస్తుడు. రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

పెళ్ళయిన కొన్నేళ్ళకు అత్తకు ఆ ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరి చివర రేకుల గది. వానొస్తే కారేది, ఎండొస్తే కాలేది. అందులో పిల్లలను కూర్చోబెట్టి పాటలు, అఆలు, బొమ్మలు, మధ్యాహ్నం తిండి. ముందు రోజుల్లో గోధుమరవ్వ ఉప్మా, ఆ తర్వాత్తర్వాత గుడ్లు, పాలు. రిటైరయ్యేదాకా అదే గది, అదే పని. నేను పెనుకొండలో ఉన్న రోజుల్లో సెలవులకు పోయి చూసేదాన్ని. తిండి దగ్గర అత్త కొలతలో దారం పోగంత తేడా కూడా వచ్చేది కాదు. గరిటెకు అంచు దాకా రవ్వ, అంతే, తన సొంత అన్న కొడుకు వచ్చినా అంతే. నాకు ఒకసారి ఆ ఉప్మా వాసనకు నోరూరి కొంచెం పెట్టమంటే, "నీకు ఇంట్లో చేసి పెడతా పా," అని రెక్క పట్టి లాక్కెళ్ళింది. అంగన్‌వాడీ టీచరంటే సరుకు అమ్ముకుంటారనే అనుమానం లోకానికి ఎప్పుడూ ఉంటుంది. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం వేస్తే ఒకసారి పెనుకొండ నుంచి ఆఫీసర్లు వచ్చి మూటలన్నీ తూకం వేయించారు. ఏమీ తేడా లేదు. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. కానీ ఊరంతా గది ముందు నిలబడి చూస్తుండగా ఆ తూకం జరిగిందని అత్తకు చాలా కాలం మనసులో ఉండిపోయింది. "తూకం సరిపోయిందే, నిజమే. నిలబెట్టి తూచినారు గదా," అనేది.

అందుకే, రిటైరయిన తర్వాత అత్త సర్పంచ్‌గా నిలబడతానని ఫోన్ చేసినప్పుడు నేను నమ్మలేదు. ఆ విడత వాళ్ళ ఊరు ఆడవాళ్ళకు రిజర్వయింది. ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం ఒకటి ఉంది. అందరూ పెద్దిల్లు అంటారు. ఆ ఇంటి కోడలు నామినేషన్ వేసింది. ఆమె మంచి పిల్లే, చదువుకున్నదే. కానీ ఆ ఇంటివాళ్ళు నిలబడితే ఎదురు నిలబడే అలవాటు ఊరికి లేదు. "ఎవరూ వేయకపోతే ఎన్నికే లేదు గదే. అడిగేవాళ్ళు ఒకరన్నా ఉండల్ల. బోరు యాడ వేస్తారు, వీధిలైటు ఏ వీధికి వేస్తారు అని అడిగేదానికన్నా నిలబడతా," అంది. ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు ఆమెను ముందుకు తోశారని తర్వాత తెలిసింది. ఆ తోసినవాళ్ళందరూ ఒకప్పుడు ఆ రేకుల గదిలో అఆలు దిద్దినవాళ్ళే.

ప్రచారానికి ఒకే ఒక్క ఫ్లెక్సీ వేయించారు. దాన్ని వేయించడానికి ధర్మవరం వెళ్ళింది మామ. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడు అత్త ఫోటో పెట్టి, తెలుగులో "మీ టీచరమ్మ" అని రాసి, "పెద్దాయనా, ఇంగ్లీషు ఒక లైను లేకపోతే ఫ్లెక్సీకి లుక్కు రాదు," అన్నాడట. మీ ఆమె గురించి ఒక్క మాట చెప్పమన్నాడట. మామ చాలాసేపు ఆలోచించి, "నిజాయితీ," అన్నాడట. ఆ ఒక్క మాటకే ఆ రోజు కోటా అయిపోయి ఉంటుంది. కుర్రవాడు టకటకా కొట్టి, యువర్ "ఆనెస్ట్" క్యాండిడేట్ అని ఎర్ర అక్షరాలతో వేసి, ఆనెస్ట్‌కు రెండు వైపులా అంతంత లావు ఇన్వర్టెడ్ కామాలు తగిలించాడు. అవి లేకపోతే మాట ఎత్తుగా కనిపించదని అతని నమ్మకం. ఆ ఫ్లెక్సీ తెచ్చి, బస్సు తిరిగే మలుపులో ఉన్న అత్తా వాళ్ళ ఇంటి గోడకే కట్టారు. ఊరికి ఎవరు వచ్చినా, ఊరి నుంచి ఎవరు పోయినా దాన్ని చూడకుండా కుదరదు.

రెండో రోజో మూడో రోజో పెద్దింటి అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చాడు. పోటీ చేస్తున్న పిల్ల భర్త. అక్కడ కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం. చెడ్డవాడేమీ కాదు, సరదా మనిషి. మలుపులో కారు ఆపి ఫ్లెక్సీ చదివి పొట్ట పట్టుకుని నవ్వాడట. టీ అంగడి దగ్గర కూర్చున్న పిల్లకాయలకు వేళ్ళు వంచి చూపించి, ఇంగ్లీషులో ఈ గుర్తుల మధ్య మాట పెడితే దానికి తిరగేసి అర్థం చెప్పుకోవాలని, టీచరమ్మ తన గోడ మీద తానే "నిజాయితీ అంట, నమ్మండి" అని రాసుకుందని వివరించాడు. ఇక చూడండి. ఊళ్ళో ఇంగ్లీషు గ్రామరు అంత వేగంగా నేర్చుకోవడం నా సర్వీసులో నేను ఎక్కడా చూడలేదు. సాయంత్రానికల్లా కుర్రవాళ్ళందరికీ వేళ్ళు వంచడం వచ్చేసింది. అత్త వీధిలో పోతుంటే వెనక నుంచి "ఆనెస్ట్!" అనడం, వేళ్ళు వంచడం, నవ్వడం. బడికి పోయే పసిపిల్లలు కూడా అర్థం తెలియకపోయినా వేళ్ళు వంచేవాళ్ళు. ఆ గుర్తులకు ఊళ్ళో కొక్కేలని పేరు పడింది.

మామ నాకు ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చేయడమే ఒక వార్త. "మీయత్త అన్నం తినలేదు. నువ్వొకసారి వస్తావా?" అని పెట్టేశాడు. మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాను. మలుపులో దిగి ఫ్లెక్సీ చదివాను. వృత్తిరీత్యా చేతికి ఎర్ర పెన్ను కావాలనిపించింది. లోపల మామ మగ్గం నేస్తున్నాడు. అత్త నడవలో కూర్చుని ఉంది. నన్ను చూసి నీళ్ళియ్యనైనా లేవలేదు.

"ఏమే, ఆ కొక్కేలకు అర్థమేమి? ఉండేది ఉన్నట్టు చెప్పు. నువ్వు మాట తప్పిస్తే నాకు తెలుస్తాది."

"రెండు అర్థాలుండాయత్తా," అన్నాను. "వేరేవాళ్ళు అన్న మాటను అట్లనే దించి రాసేటప్పుడు పెడతారు. ఈ మాట నాది కాదు, ఫలానావాళ్ళు అన్నారు అని చెప్పేదానికి."

"ఇంగోటి?"

"ఇంగోటి... ఈ మాట ఎవరో అంటాండారు గానీ నేను నమ్మేది లేదు అని ఎగతాళిగా రాసేదానికి."

"అంటే పెద్దింటబ్బాయి చెప్పింది అబద్ధం కాదు."

"కాదత్తా. ఉండేదే చెప్పినాడు. ఆ ధర్మవరం అబ్బికి తెలీక పెట్టినాడు."

లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది. మామ బయటికొచ్చి, "నేను పొయ్యి దాన్ని చించేసొస్తా," అన్నాడు. "చించితే ఏమంటారు? కొక్కేలు నిజమే, దొరికిపోయినారు, అందుకే చించుకున్నారంటారు," అంది అత్త. మామ అక్కడే నిలబడిపోయాడు. పాపం, ఆ ఒక్క మాటా ఇచ్చింది తానే కదా. నాకు తోచిందేమిటంటే, కొంచెం తెల్లరంగు తెచ్చి కొక్కేల మీద పూసేస్తే సరిపోతుందని. అదే చెప్పాను. అత్త వినలేదు. ఒకప్పటి తూకం ఆమె కళ్ళ ముందు ఉందని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి నా వైపు తిరిగి, "ఆ రెండో అర్థం ఎవరైనా ఎవరికైనా తగిలించొచ్చు. దానికి సాక్ష్యం అక్కరలేదు," అంది. "ఆ మొదటిది ఉండాదే, వేరేవాళ్ళ మాట అనేది. అది నిజమో కాదో కనుక్కోవచ్చు గదా?"

"ఎట్ల అత్తా?"

"ఎట్లంటే ఏముంది, అడగల్ల. ఇంటింటికీ పొయ్యి అడుగుతా. నిజాయితీ అని నాకు నేను చెప్పుకుంటే అది మాటే కాదు. ఆ మాట ఎవరన్నా అనుంటే కొక్కేలు ఉండనీ. ఎవరూ అనకపోతే మాటనూ తీసేస్తా, పోటీ కూడా చాలిస్తా. లెయ్, చెప్పులేసుకో."

నాకు భయమేసింది. ఓట్లడిగేటప్పుడు మనిషి ముఖం మీద జనం ఏమైనా అంటారు, లేదా ఏమీ అనరు. రెండూ ప్రమాదమే. కానీ అత్త అప్పటికే గడప దాటింది. మొదటి ఇంట్లో చిన్న వయసు తల్లి జొన్నలు చేటతో చెరుగుతోంది. అత్త కూర్చోకుండానే, "ఓటు కోసం రాలేదమ్మే. నేను నిజాయితీ మనిషినని నువ్వెప్పుడైనా అన్నావా? నా ముఖం చూసి చెప్పొద్దు, ఉండేది చెప్పు," అంది. ఆ పిల్ల చేట కింద పెట్టి ఆలోచించి, "అట్లయితే ఎప్పుడూ అనలేదు టీచరమ్మా," అంది. ఇక పోదాం పా అన్నట్టు నేను అత్త కొంగు లాగాను. అత్త మాత్రం, "మరి ఏమన్నావు నా గురించి?" అని అడిగింది.

"మొండిదన్నా," అంది ఆ పిల్ల, ఇక దాచుకునేదేముందన్నట్టు. "నా బిడ్డకు జరమొచ్చి పండుకోనుంటే, దాని గుడ్డు ఇంటికియ్యి అంటే, బిడ్డ వస్తేనే గుడ్డు, రూలంటివి. నేను తిట్టుకుంటా వచ్చేస్తి. సాయంత్రం మీ ఇంటి కోడి పెట్టిన గుడ్డొకటి కొంగులో పెట్టుకుని నువ్వే వచ్చి ఇచ్చిపోతివి. అప్పుడు మా అత్తతో అన్నా, ఇంత మొండిదాన్ని యాడా చూల్లేదని."

అత్త ముఖంలో ఏమీ కనిపించలేదు. "సరే, మొండిది అని రాసుకుందాం," అని బయటికి నడిచింది. నేను మాత్రం వెనక నడుస్తూ కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అదే వరస. ఊరంతా నిజాయితీ అన్న మాట ఒక్కరూ అనలేదు, ఫిర్యాదులు మాత్రం వరదలా వచ్చిపడ్డాయి. ఒకామె, మనవరాలి వయసు తగ్గించి రాస్తే ఇంకో ఏడాది పాలొస్తాయని బతిమాలితే రాయలేదట. ఒకాయన తమ్ముడి కూతురికి ఆయా పని ఇప్పించమని నెల రోజులు తిరిగితే, దరఖాస్తు పెట్టుకోమని పంపేసిందట. టీ అంగడి ఆయన ఎదురుగా వచ్చి మరీ చెప్పాడు. "మా అంగట్లో రవ్వ అయిపోయిన రోజు ఒక శేరు బదులీయమ్మా, సాయంత్రానికి తిరిగిస్తానంటే ఇయ్యలేదు ఈమె. రాయినన్నా అటు ఇటు జరపొచ్చుగానీ ఈమెను జరపలేమబ్బా!" అన్నాడు. అంగడి బల్ల మీద కుర్రవాళ్ళు కూర్చుని ఉన్నారు. నిన్నటిదాకా వేళ్ళు వంచినవాళ్ళు. వాళ్ళలో ఒకడు నవ్వబోయి, ఆయన చెప్పిన మాట మళ్ళీ మనసులో తిప్పుకున్నట్టున్నాడు, నవ్వు మధ్యలోనే ఆపేశాడు. చాడీలు చెబుతున్నామనుకుంటూ ఊరివాళ్ళు సాక్ష్యం చెబుతున్నారని అప్పటికి నాకే కాదు, చాలామందికి అర్థమైంది. అత్తకు అర్థమైందో లేదో తెలియదు. ఆమె తల వంచుకుని ప్రతి ఫిర్యాదూ విని, "అవును, ఇయ్యలేదు," అని ఒప్పుకుంటూ పోతోంది.

మలుపు తిరిగి పెద్దింటి వైపు నడవబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆ ఇంటికేమిటికత్తా? వాళ్ళ కోడలే గదా నీ మీద నిలబడింది!" అత్త చెయ్యి విడిపించుకుంది. "ఊర్లో ఇల్లు కాదా అది? ఆ ఇంటి బిడ్డ నా కాడ అఆలు దిద్దలేదా? ఆ ఇల్లొదిలేస్తే నేను అడిగింది ఊరును కాదు, నా వాళ్ళను," అంది. పెద్దింటి అరుగు మీద ఆ ఇంటి అవ్వ కూర్చుని తమలపాకు చీల్చుకుంటోంది. ఆమె కొడుకు, అదే బెంగళూరు అబ్బాయి, వాకిట్లో ఫోన్ పట్టుకుని తిరుగుతున్నాడు. మమ్మల్ని చూసి ఠక్కున ఆగిపోయాడు. కోడలు లోపలి నుంచి మజ్జిగ తెచ్చిచ్చింది. ఎన్నికలు ఎన్నికలే, ఎండలో వచ్చినవాళ్ళకు మజ్జిగ మజ్జిగే.

అత్త మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టి, అవ్వతో, "గోడ మీద నా పేరు కింద ఒక మాటుండాది. అది నేను రాసుకున్నది కాదు, నాకు చేతనూ కాదు. వేరేవాళ్ళు అన్న మాటకు పెట్టే కొక్కేలంట అవి. ఎవరన్నారని పొద్దుణ్ణించి ఊరంతా అడుగుతాండా, ఇంతవరకూ ఎవరూ అన్నట్టు లేదు. నువ్వు పెద్దదానివి. నువ్వు అంటావా, అనవా? అనకపోతే ఈ పొద్దే దించేస్తా," అంది. అవ్వ తమలపాకు నోట్లో పెట్టుకుని, నమిలి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"వీడు పిల్లోడుగా ఉన్నెప్పుడు," అని కొడుకు వైపు గడ్డం ఎత్తి చూపించింది, "మా ఇంటి బిడ్డ ఆ రేకుల గదిలో అందరితో కింద కూచుంటాడా అని నాకు టెక్కు. వీని పేరు రాసుకుని, వీని వంతు రవ్వ మా ఇంటికి పంపించమని నీకు చెప్పంపితి. నువ్వేమన్నావో గుర్తుండాదా? 'పేరొస్తే తినదమ్మా, బిడ్డ రావల్ల' అంటివి. నాకెంత కోపమొచ్చిందో! యాడాది నీతో మాట్లాడలేదు. నీ మీద పేరు లేని అర్జీ వేయించి మూటలు తూపిచ్చిందీ మేమే. తూకం సరిపాయ. కడాకు నీ పిల్లోళ్ళ పాటలు వినబడి వీడే ఏడ్చుకుంటా నీ కాడికి పరిగెత్తె."

అన్నేళ్ళుగా అత్త మనసులో ఉండిపోయిన ముల్లు ఎవరు గుచ్చిందో ఆ క్షణంలో తెలిసింది. అవ్వ ఆమెను చూడకుండా వీధిలోకి చూస్తూ, "నా ఓటు నా కోడలికే. అది వేరే. కానీ టీచరమ్మ నిజాయితీదా కాదా అంటే, ఆ మాట నేనంటాండా. ఎవరొచ్చి అడిగినా అంటా. పోయి చెప్పుకో," అంది.

పెద్దింటబ్బాయి దగ్గరికొచ్చి తల గోక్కుంటూ, "సారీ టీచర్, ఊరికే జోక్‌కు..." అన్నాడు. పాపం, ఆ అర్జీ సంగతి అతనికీ అప్పుడే తెలిసినట్టుంది, తల్లి వైపు చూడలేకపోతున్నాడు. అత్త కళ్ళు కొంగుతో తుడుచుకుని, చిన్నప్పుడు పలక దిద్దించిన గొంతుతోనే, "నువ్వు తప్పేం చెప్పలేదు నాయనా. నీ చదువు నిజమే. కాకపోతే పిల్లకాయలకు సగం పాఠం చెప్పి వదిలేసినావు. ఆ రెండో సగం కూడా చెప్పిపో," అంది. అతను నిజంగానే టీ అంగడికి వెళ్ళి చెప్పాడు. ఆ గుర్తులకు ఇంకో అర్థం ఉందని, వాటి మధ్య ఉండే మాట వేరేవాళ్ళు అన్నదని. ఎవరన్నారని కుర్రవాళ్ళు అడిగితే, "మా అమ్మ," అన్నాడట. ఎదురు పార్టీ ఇంటివాడు అట్లా చెప్పాక ఊళ్ళో ఇంకెవరు కాదంటారు? మరుసటి రోజు అత్త నాతో బస్టాపు దాకా వస్తుంటే పిల్లలు మళ్ళీ వేళ్ళు వంచారు. కానీ ఈసారి వాళ్ళలో ఒక పిల్ల, "టీచరమ్మా, నిన్ను మా అవ్వ కూడా అన్నింది!" అని అరిచింది. అత్త ఆ పిల్లను దగ్గరికి పిలిచి ముక్కు తుడిచి పంపింది.

ఓట్ల లెక్కింపు రోజు నేనూ వెళ్ళాను. బడి ప్రహరీ బయట ఎండలో జనం. పోటాపోటీగానే సాగింది. ఒకసారి కోడలు పిల్ల ముందుంటే, ఇంకోసారి అత్త ముందుంది. చివరికి కొద్ది ఓట్ల తేడాతో అత్త గెలిచిందని లోపల నుంచి కబురొచ్చింది. ఆడవాళ్ళు కేకలు వేశారు. మామ బడి గోడకు ఆనుకుని నిలబడి, చేతిలో ఉన్న తువ్వాలును మడుస్తూ విప్పుతూ ఉండిపోయాడు. పెద్దింటి కోడలు వచ్చి అత్త చెయ్యి పట్టుకుని, "టీచర్, మా వీధి లైటు మాత్రం మర్చిపోవద్దండి," అంది. "నీదే మొదటి అర్జీ తల్లీ. కానీ వరసలోనే వస్తాది," అంది అత్త. ధర్మవరం ఫ్లెక్సీ కుర్రవాడు వార్త విని, తన వంతు అభినందనగా ఒక ఫ్లెక్సీ తనంతట తనే పంపించాడు. అందులో "విన్నర్" అన్న మాటకు మునుపటి కంటే లావు కొక్కేలు. నేను తల పట్టుకున్నాను. అత్త మాత్రం పకపకా నవ్వి, "పెట్టుకోనీలే పాపం. ఈసారి ఎవరన్నారో ఓటు డబ్బాలే చెప్పినాయి గదా," అంది.

సర్పంచ్‌గా ఆమె ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నది వేరే కథ. నీళ్ళ పైపు విషయంలో సగం ఊరికి ఆమె మీద కోపమే వచ్చింది, ఎందుకంటే అక్కడ కూడా వరస తప్పనివ్వలేదు. కానీ ఆ లెక్కింపు రోజు, ఆ ఎండలో, పక్కన నిలబడ్డ పొరుగూరి పెద్దమనిషి ఎవరో, "ఎవరప్పా ఆ గెలిచినామె?" అని అడిగాడు. నా జీవితంలో ఎన్నో మంచి జవాబులు చెప్పి ఉంటాను, క్లాసులో, ఇంటర్వ్యూలో, ఆఫీసర్ల ముందు. వాటిలో ఏదీ ఆ రోజు చెప్పినంత గట్టిగా చెప్పలేదు. "మా మేనత్త," అన్నాను. ఆయన ఇంకా ఏదో అడుగుతున్నాడు, నాకు వినబడలేదు. అత్త బడి గేటు దగ్గర అరుగు మీద కూర్చుని ఎవరో ఇచ్చిన చెంబు నీళ్ళు తాగుతోంది. మెడలో దండ లేదు, ముఖం నిండా చెమట. ఏదో పెద్ద పని అయినట్టు కాక, మధ్యాహ్నం పిల్లలకు తిండి పెట్టాక కాసేపు కూర్చున్నట్టే ఉంది. ఒక మనిషి గురించి ఒక మంచి మాట అనడానికి ఊరికి సగం జీవితకాలం పడుతుంది. ఆ కాలమంతా ఆ మనిషి అదేమీ ఎరగకుండా, రోజువారీ పనిలో మునిగి గడిపేస్తుంది.